గ్రామఫోన్ ముళ్ల డబ్బీల సేకరణ: వెతకడం నుంచి భద్రపరచడం వరకు సమగ్ర మార్గదర్శి

గ్రామఫోన్‌లో రికార్డు మీద ఆనించి పాట పలికించే చిన్న ముళ్లను ఒకప్పుడు చిన్న రేకు డబ్బీల్లో అమ్మేవారు. అలాంటి పాత గ్రామఫోన్ ముళ్ల డబ్బీలు ఎక్కడ దొరుకుతాయి, అసలుదో నకిలీదో ఎలా పోల్చుకోవాలి, తుప్పు పట్టినదాన్ని ఏం చేయాలి అని అడిగే పాఠకులు నానాటికీ పెరుగుతున్నారు. ఈ ప్రశ్నలన్నింటికీ పని జరగవలసిన వరుసలోనే ఇక్కడ సమాధానం ఇస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. డెబ్బై ఎనభై ఏళ్లు అటక మీదా సొరుగులోనూ క్షేమంగా ఉన్న డబ్బీ చాలా సందర్భాల్లో పాడయ్యేది సేకర్త చేతికి వచ్చిన మొదటి రోజునే. మెరిపించాలనే తొందరలో రుద్దడం, కడగడం, నూనె పూయడం వల్ల పోయిన రేకు మీది అచ్చు బొమ్మలు, అక్షరాలు మళ్లీ రావు. అందువల్ల ఈ మార్గదర్శిలో కొనడం కంటే పరిశీలనకూ, నమోదుకూ, శుభ్రపరచడానికీ ఎక్కువ చోటు ఇచ్చాను.

## 1. ఏది సేకరించాలో ముందే నిర్ణయించుకోవడం

దొరికిన ప్రతిదీ కొంటే పెట్టె త్వరగా నిండుతుంది గాని, దానికి ఒక రూపం రాదు. ఇంగ్లండు, జర్మనీ, అమెరికా, జపాన్ దేశాల్లో తయారైన ముళ్లు లెక్కలేనన్ని పేర్లతో అమ్ముడయ్యాయి. హెచ్.ఎం.వి. (హిజ్ మాస్టర్స్ వాయిస్, గ్రామఫోన్ కంపెనీ వాడిన పేరు), కొలంబియా, ఎడిసన్ బెల్, సాంగ్‌స్టర్, ఎంబసీ, హెరోల్డ్, మార్షల్, కాండోర్, పెగాసస్, బ్రిలియంటోన్ వాటిలో కొన్ని మాత్రమే. ఒక్కొక్క పేరుకింద మళ్లీ ధ్వనిస్థాయిని బట్టి రకాలు, ఒక్కొక్క రకానికి ఏళ్ల వెంబడి మారిన రంగులు, అక్షరాలు ఉంటాయి.

కొత్తగా మొదలుపెట్టేవారికి నేను సూచించేది ఒకే కంపెనీకి చెందిన ధ్వనిస్థాయిల వరుస. హెచ్.ఎం.వి. ముళ్లలో హెచ్చు ధ్వని, మరీ హెచ్చు ధ్వని, సగం ధ్వని, మృదు ధ్వని అనే రకాలున్నాయి. మన దేశంలో ఈ కంపెనీ డబ్బీలే ఎక్కువగా తిరిగాయి కనుక వెతుకులాట సులువు. పోల్చి చూసుకోవడానికి నమూనాలు కూడా దొరుకుతాయి.

ఇది కాక మరికొన్ని దారులు ఉన్నాయి:

- ఒకే దేశం లేదా ఒకే ఊరి తయారీ. సూదుల తయారీకి పేరుపడ్డ ఇంగ్లండులోని రెడిచ్, జర్మనీలోని ఆఖెన్, ష్వాబాఖ్ వంటివి.
- ఒకే బొమ్మ: పక్షులు, జంతువులు, వాద్యాలు, నర్తకులు.
- ఆకారం: దీర్ఘచతురస్రం, గుండ్రం, త్రికోణం, అరలున్న డబ్బీలు.
- ఉక్కు కాని ముళ్లు: వెదురు నారతోనూ, నాగజెముడు జాతి ముళ్లతోనూ చేసినవి. ఇవి రేకు డబ్బీల్లోనే కాక కాగితపు పొట్లాల్లో కూడా వచ్చేవి.

ఎంచుకున్న దారిని ఒక్క వాక్యంలో కాగితం మీద రాసి పెట్టుకోవాలి. సంతలో మనసు లాగినప్పుడు ఆ వాక్యం పనికొస్తుంది.

## 2. దగ్గర ఉండవలసిన సామగ్రి

- పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం
- చిన్న టార్చిలైటు, చిన్న అయస్కాంతం
- మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు
- పొడి లేని రబ్బరు తొడుగులు
- మెత్తని పెయింటింగ్ బ్రష్షు, దూది పుల్లలు, వెదురు పుల్లలు
- డిస్టిల్డ్ వాటర్
- మైక్రోక్రిస్టలైన్ మైనం (రేకుకు తేమ తగలకుండా పూసే మైనం) చిన్న డబ్బా
- తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు, గాలిలో తేమను చూపే మీటరు
- పాలిథిన్ జిప్ సంచులు, ఆమ్లరహిత పల్చని కాగితం
- పెన్సిలు, నమోదు పుస్తకం

వీటిలో భూతద్దానికి మాత్రం పొదుపు చూడవద్దు. మిగిలినవన్నీ మామూలు రకమైనా పని జరుగుతుంది.

## 3. ఎక్కడ వెతకాలి

మొదట పాత గ్రామఫోన్ ఉన్న ఇళ్లలో వెతకండి. పాటల పెట్టె అమ్మేసినా ముళ్ల డబ్బీ కుట్టుసామాను డబ్బాలోనో, పొడుం డబ్బీల మధ్యనో, వడ్రంగి పనిముట్లలోనో మిగిలిపోతుంది. బొత్తాములు, గుండుసూదులు, చిన్న మేకులు దాచుకోవడానికి ఇది సరిపోయే పరిమాణం కనుక చాలా కుటుంబాల్లో పారేయలేదు. హార్మోనియం పద్యాల రికార్డులు ఇష్టంగా విన్న ఇళ్లలోనూ, నాటక సమాజాలతో సంబంధమున్న కుటుంబాల్లోనూ అడిగి చూడటం మంచిది. ఆ ఇంటి పెద్దవారు డబ్బీ గురించి చెప్పే మాటలను, అంటే ఎవరిది, ఏ ఊళ్లో కొన్నారు, ఏ పెట్టెతో వాడారు అన్నవాటిని అక్కడికక్కడే రాసుకోవాలి. ఏడాది తర్వాత అడిగితే చెప్పేవారు ఉండకపోవచ్చు.

పాత పెట్టె దొరికినప్పుడు దాని మూలల్లో ఉండే ముళ్ల అరలను తప్పక చూడాలి. హెచ్.ఎం.వి. 102 అనే పోర్టబుల్ పెట్టెలో ముళ్లు వేసుకునే చిన్న గిన్నె మూల నుంచి పక్కకు తిరిగి బయటికి వస్తుంది. అది మూసి ఉంటే చాలామంది దాన్ని గమనించరు.

సంతల విషయానికి వస్తే, హైదరాబాదులో పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజారు, ఎర్రగడ్డ ఆదివారం సంత, ముంబయిలో మటన్ స్ట్రీట్ చోర్ బజారు, కోల్‌కతాలో ఫ్రీ స్కూల్ స్ట్రీట్ రికార్డు దుకాణాలు, లండన్‌లో ఉండేవారికి శనివారాల్లో పోర్టొబెల్లో రోడ్డు చూడదగినవి. సంతలో ముళ్ల డబ్బీని ముళ్ల డబ్బీగా పెట్టి అమ్మేవారు తక్కువ. గడియారాల విడిభాగాలు, పాత తాళాలు, కళ్లజోళ్ల ఫ్రేములు కుప్పగా పోసిన చోట ఓపికగా చేయి పెట్టి వెతకాలి. ఆ కుప్పల్లో గుచ్చుకునేవి చాలా ఉంటాయి, చేతికి మందపు తొడుగు వేసుకోండి.

## 4. డబ్బీని చదవడం, కాలాన్ని అంచనా వేయడం

సాధారణమైన డబ్బీ అగ్గిపెట్టె కంటే కొంచెం చిన్నగా ఉంటుంది. ఎక్కువ వాటిలో 200 ముళ్లు, కొన్నింటిలో 100 ముళ్లు పట్టేవి. కొన్నింటి మూతకు వెనుకవైపు బందు (మూత తిరిగే కీలు) ఉంటుంది, కొన్నింటి మూత ఊడి పూర్తిగా చేతిలోకి వస్తుంది.

చదవవలసిన వరుస ఇది: మూత పైభాగం, నాలుగు పక్కలు, అడుగు, మూత లోపలి వైపు, చివరగా డబ్బీ లోపల ఉన్న కాగితం. కొత్తవారు మూత బొమ్మ చూసి ఆగిపోతారు. అసలు సమాచారం తరచుగా అడుగునా, మూత లోపలా ఉంటుంది. ఒక ముల్లును ఒక్కసారి మాత్రమే వాడాలన్న హెచ్చరిక, తయారీదారు పూర్తి పేరు, దేశం, రిజిస్ట్రేషన్ సంఖ్య అక్కడే కనిపిస్తాయి.

కాలాన్ని తేల్చేటప్పుడు ఒక సూత్రాన్ని గట్టిగా పట్టుకోవాలి. డబ్బీ మీద ఉన్న ఒక పేరు లేదా గుర్తు ఎప్పుడు వాడుకలోకి వచ్చిందో తెలిస్తే, డబ్బీ అంతకు ముందుది కాదని మాత్రమే చెప్పగలం. ఆ పేరు మారిపోయాక కూడా పాత అచ్చు రేకు అయిపోయేదాకా వాడి ఉండవచ్చు. కనుక ఎప్పుడూ ఒక్క సంవత్సరం రాయకుండా, ఒక వ్యవధి రాయండి.

పనికొచ్చే గుర్తులు కొన్ని:

- గ్రామఫోన్ అండ్ టైప్‌రైటర్ లిమిటెడ్: ఈ పేరు 1900 చివరి నుంచి 1907 వరకు మాత్రమే ఉంది. ఆ తర్వాత మళ్లీ గ్రామఫోన్ కంపెనీ అయింది.
- ఈకతో రాస్తున్న దేవదూత బొమ్మ: 1898 నుంచి వాడిన వాణిజ్య చిహ్నం. హారన్ ముందు కూర్చున్న కుక్క బొమ్మ 1909 నుంచి రికార్డు లేబుళ్ల మీదికి వచ్చింది గాని, ప్రకటనల్లో అంతకుముందే ఉంది. అందువల్ల కుక్క బొమ్మ ఒక్కదాన్నే ఆధారంగా తీసుకోవద్దు.
- ఇ.ఎం.ఐ.: గ్రామఫోన్ కంపెనీ, కొలంబియా కలిసి ఈ సంస్థగా ఏర్పడింది 1931లో.
- డి.ఆర్.పి., డి.ఆర్.జి.ఎం.: జర్మన్ సామ్రాజ్య పేటెంటు, నమూనా రక్షణ గుర్తులు. మొదటిది 1877 నుంచి, రెండోది 1891 నుంచి, రెండూ 1945 వరకు.
- యు.ఎస్. జోన్ జర్మనీ, ఆక్యుపైడ్ జపాన్: రెండో ప్రపంచయుద్ధం తర్వాతి కొన్నేళ్లవే ఇవి. మొదటిది 1949 ప్రాంతం వరకు, రెండోది 1952 వరకు.
- డమ్‌డమ్ చిరునామా: గ్రామఫోన్ కంపెనీ కలకత్తాలో 1908లో సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టి, 1920ల చివర్లో డమ్‌డమ్‌కు మారింది.

మన దేశంలో దొరికే డబ్బీలకు మరో మంచి ఆధారం ధర చీటీ. అణాల్లో ధర ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందు అమ్ముడైనదని దాదాపు చెప్పవచ్చు. నయా పైసల్లో ఉంటే 1957, 1964 మధ్య కాలం. వట్టి పైసలైతే ఆ తర్వాతది. ఇది డబ్బీ తయారైన కాలాన్ని చెప్పదు, దుకాణంలో ఉన్న కాలాన్ని చెబుతుంది. ఈ తేడా నమోదులో కనపడాలి. అలాంటి పాత చీటీని ఎట్టి పరిస్థితుల్లోనూ తీసివేయకండి.

## 5. అసలుదీ నకిలీదీ

ఇత్తడి హారన్‌తో, కుక్క బొమ్మ అంటించిన కొత్త గ్రామఫోన్లు మన దేశంలో పాతవన్న పేరుతో అమ్ముడవుతున్నట్లే, కొత్త ముళ్ల డబ్బీలు కూడా వస్తున్నాయి. అలంకారానికి కొనుక్కుంటే తప్పు లేదు గాని, పాతదాని ధర ఇచ్చి కొనకూడదు. పరీక్ష ఈ వరుసలో చేయండి.

మొదట భూతద్దం. మూత మీద బొమ్మను పక్క వెలుతురులో పెట్టి చూడండి. పాత రేకు అచ్చులో ఒక్కొక్క రంగును విడిగా వేశారు కనుక ఎరుపు నిండు ఎరుపుగా, నలుపు గీత తెగకుండా కనిపిస్తుంది. నీడల కోసం చుక్కలు వేసినా అవి ఒక్క రంగువే, అంత క్రమంగా కూడా ఉండవు. ఫోటో నుంచి తీసిన ఇప్పటి అచ్చులో నీలం, గులాబి, పసుపు, నలుపు చుక్కలు చిన్న చిన్న పూరేకుల్లా గుంపులు కట్టి ఉంటాయి, అక్షరాల అంచులు కూడా ఆ చుక్కలతోనే ఏర్పడతాయి. అక్షరం అంచు చుక్కలుగా విరిగిపోతే దాన్ని అక్కడే వదిలేయవచ్చు.

తర్వాత బంగారు రంగు. నాకు అన్నింటికంటే నమ్మకమైన పరీక్ష ఇది. చాలా పాత డబ్బీల్లో బంగారు రంగు ఉన్న చోట నిజానికి మెరిసే తగరపు పూత మీద పారదర్శకమైన పసుపు వార్నిష్ ఉంటుంది. డబ్బీని మెల్లగా వంచితే ఆ వెలుగు లోపలి నుంచి కదులుతుంది, గీతలు పడ్డ చోట వెండి రంగు బయటపడుతుంది. ఫోటో అచ్చులో బంగారు రంగు మట్టిపసుపు చుక్కల కలయిక, ఎటు తిప్పినా ఒకేలా ఉంటుంది.

మూడోది అరుగుదల. వాడిన డబ్బీ వేళ్లు తగిలే చోటే అరుగుతుంది: మూత ముందంచు, మూలలు, అడుగు ఉపరితలం. బొమ్మ మధ్యలో గరుకు కాగితంతో రుద్దినట్టు గీతలుండి, మూలలు పదునుగా ఉంటే అనుమానించాలి. కావాలని పట్టించిన తుప్పు అంతటా ఒకే రంగులో, పైపైన ఉంటుంది. సహజమైన తుప్పు మడతల్లోనూ, బందు దగ్గరా, అడుగు అంచుల్లోనూ మొదలై బయటికి పాకుతుంది.

నాలుగోది రాత. 1972 ఆగస్టుకు ముందు పిన్‌కోడ్ లేదు. బొంబాయి 1995లోనూ, మద్రాసు 1996లోనూ, కలకత్తా 2001లోనూ అధికారికంగా పేర్లు మారాయి. పాతదని చెప్పిన డబ్బీ మీద కొత్త పేరు గాని, ఆరంకెల పిన్‌కోడ్ గాని ఉంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. కంపెనీ పేరులో అక్షరదోషాలు కూడా చూడండి.

చివరిది రేకు. అచ్చు నేరుగా రేకు మీద ఉందా, కాగితం లేదా స్టిక్కరు అంటించారా అన్నది అంచు దగ్గర తెలుస్తుంది. అయస్కాంతం అంటుకుంటే పాతదని అనుకోకండి, కొత్త రేకుకూ అంటుకుంటుంది. అంటుకోకపోతే మాత్రం అది తగరపు పూత వేసిన ఉక్కు రేకు కాదు, ఇత్తడో అల్యూమినియమో అయి ఉంటుంది.

ఒక్క పరీక్షతో తీర్పు చెప్పవద్దు. మొదటి రెండింటిలోనూ తేడా కనిపిస్తే కొనకుండా ఉండటమే మేలు.

## 6. కొనే ముందు

స్థితికి ఐదు మెట్లు పెట్టుకుంటే చాలు: కొత్తదానిలా ఉన్నది, స్వల్పంగా అరిగినది, బొమ్మ స్పష్టంగా ఉండి అంచులు అరిగినది, తుప్పు బొమ్మలోకి పాకినది, కేవలం నమూనాగా పనికొచ్చేది. మూత బిగువుగా మూసుకోవడం, బందు విరగకుండా ఉండటం, లోపలి కాగితం మిగిలి ఉండటం ఒక్కొక్కటీ స్థితిని పెంచుతాయి. అరుదైన డబ్బీ అయితే నాలుగో మెట్టుదైనా తీసుకోవచ్చు. తరచుగా దొరికే హెచ్చు ధ్వని డబ్బీని మాత్రం మూడో మెట్టుకు తగ్గి కొనకండి, ఇంతకంటే మంచిది తప్పక ఎదురవుతుంది.

ధర తెలుసుకోవాలంటే ఆన్‌లైన్ వేలం సైట్లలో అడుగుతున్న ధరలను చూడకుండా, అమ్ముడుపోయిన వాటి ధరలను విడిగా వెతికి చూడాలి. ఒక డబ్బీకి ఎవరో పెద్ద మొత్తం అడుగుతున్నంత మాత్రాన ఎవరూ ఇచ్చినట్టు కాదు. సంతలో బేరం ఆడేటప్పుడు నాలుగైదు వస్తువులతో కలిపి అడిగితే ధర తగ్గుతుంది.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు అమ్మేవారిని అడగవలసినవి:

- అడుగు భాగం, మూత లోపలి వైపు ఫోటోలు
- పక్క వెలుతురులో తీసిన మూత ఫోటో
- రంగు దిద్దారా, వార్నిష్ పూశారా అన్న ప్రశ్నకు రాతపూర్వక సమాధానం
- లోపల ముళ్లున్నాయా, ఉంటే ఎంత నిండుగా
- మూత తెరుచుకుంటుందా

ముళ్లు ఉన్న డబ్బీని పంపేటప్పుడు మూత ఊడకుండా కాగితంలో చుట్టి దారంతో కట్టమని చెప్పండి. రేకు మీద నేరుగా టేపు వేస్తే, తీసేటప్పుడు అచ్చు దాంతోపాటు వస్తుంది. విదేశం నుంచి తెప్పించుకునే పార్సిలుకు కస్టమ్స్ సుంకం పడవచ్చు, ఆ మొత్తాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.

## 7. ఇంటికి వచ్చిన రోజు: ముట్టుకోక ముందు నమోదు

శుభ్రపరచడానికి ముందే ఫోటోలు తీయాలి. కిటికీ దగ్గర, నేరుగా ఎండ పడని వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి, మూత, అడుగు, నాలుగు పక్కలు, మూత లోపల, డబ్బీ లోపల అన్నీ తీయండి. మెరుపు పడితే డబ్బీని కదల్చకుండా వెలుతురుకు అడ్డంగా తెల్లని పల్చని గుడ్డ పట్టుకోవాలి.

నమోదులో ఉండవలసిన గడులు:

- వరుస సంఖ్య
- డబ్బీ మీది రాత మొత్తం, అక్షరదోషాలతో సహా ఉన్నది ఉన్నట్టుగా
- పొడవు, వెడల్పు, ఎత్తు మిల్లీమీటర్లలో
- మూత రకం, ధ్వనిస్థాయి, ముళ్ల సంఖ్య
- అంచనా కాలం, దానికి ఆధారం
- ఎక్కడ, ఎప్పుడు, ఎంతకు కొన్నారు, ఇంతకుముందు ఎవరిది
- స్థితి, చేసిన పనులు

సంఖ్యను డబ్బీ మీద మార్కరుతో రాయకూడదు, స్టిక్కరు అంటించకూడదు. చిన్న ఆమ్లరహిత కాగితం ముక్క మీద పెన్సిలుతో రాసి సంచిలో వేయండి.

## 8. శుభ్రపరచడం

ఇక్కడ నా మాట సూటిగా చెబుతాను: సందేహం ఉంటే ఏమీ చేయవద్దు. దుమ్ముతో ఉన్న డబ్బీని ఎప్పుడైనా శుభ్రం చేయవచ్చు, రంగు పోయిన డబ్బీకి రంగు తేలేం.

దశ 1: ఎండబెట్టడం. డబ్బీని మూత తెరిచి, సిలికా జెల్ ఉన్న గాలి చొరని డబ్బాలో కొన్ని రోజులు ఉంచండి. సంత నుంచి, వానకాలంలో వచ్చిన డబ్బీల మడతల్లో తేమ దాగి ఉంటుంది.

దశ 2: పొడి బ్రష్షు. మెత్తని బ్రష్షుతో ఒకే దిశలో దులపండి. పెచ్చులు లేస్తున్నట్టు కనిపిస్తే అక్కడితో ఆపి, ఆ డబ్బీని నేరుగా భద్రపరచే దశకు తీసుకెళ్లండి.

దశ 3: తుప్పు బతికే ఉందా అని చూడటం. డబ్బీని తెల్ల కాగితం మీద పెట్టి మెల్లగా తట్టి, రాలిన పొడి దులిపేసి, కొన్ని రోజుల తర్వాత మళ్లీ తట్టి చూడాలి. మళ్లీ నారింజ రంగు పొడి రాలితే తుప్పు ఇంకా పెరుగుతోంది, తేమ తగ్గించాలి. ఏమీ రాలకుండా ముదురు గోధుమరంగు మచ్చగా నిలిచి ఉంటే దాన్ని అలాగే వదిలేయండి.

దశ 4: రంగు పరీక్ష. దూది పుల్లను డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, పిండి, అడుగున ఒక మూల మీద దొర్లించండి. దూదికి రంగు అంటితే తడి పని ఇక వద్దు. మురికి మాత్రమే అంటితే అర అంగుళం చొప్పున దొర్లిస్తూ, ప్రతిసారీ కొత్త పుల్ల వాడుతూ, వెంటనే పొడి పుల్లతో అద్దుతూ పోవాలి. రుద్దకూడదు. మడతలు, బందు తడవకుండా చూసుకోవాలి.

దశ 5: లోపలి తుప్పు. అచ్చు లేని లోపలి భాగంలో మాత్రమే, వెదురు పుల్లతో మెల్లగా గీకి, బ్రష్షుతో తీసేయండి. ఈ పని చేసేటప్పుడు ముక్కుకు మాస్కు పెట్టుకోవాలి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కనుక పని అయ్యాక చేతులు కడుక్కోవాలి, డబ్బీలు పిల్లల చేతికి ఇవ్వకూడదు.

దశ 6: మైనం. పెచ్చులు లేని, పూర్తిగా ఆరిన డబ్బీకి మాత్రమే మైక్రోక్రిస్టలైన్ మైనాన్ని వేలికొసతో అతి పల్చగా పూసి, కాసేపు ఆగి మెత్తని నూలుగుడ్డతో తుడవాలి. ముందుగా అడుగున ఒక మూల పరీక్షించడం మరచిపోకండి.

మూత బిగుసుకుపోతే చాకు, స్క్రూడ్రైవరు పెట్టి లేపకూడదు. పల్చని యంత్రపు నూనెను సూదికొనతో మూత కలిసే గీతలోకి ఒక చుక్క వదిలి రాత్రంతా ఉంచి, మరునాడు పాత విజిటింగ్ కార్డులాంటి సన్నని ప్లాస్టిక్ ముక్కతో నాలుగు వైపులా కొంచెం కొంచెం కదపాలి. రాకపోతే మళ్లీ ఒక చుక్క, మళ్లీ ఒక రాత్రి. లోపల కాగితం ఉంటే నూనె దానికి అంటే ప్రమాదం ఉంది, అందుకే చుక్క మించకూడదు.

సొట్టలను సుత్తితో సరిచేయడం, పోయిన చోట రంగు దిద్దడం రెండూ వద్దు. దిద్దిన డబ్బీ సేకర్తల దృష్టిలో అరిగిన డబ్బీ కంటే తక్కువ.

## 9. లోపలి ముళ్లు

వాడని ముల్లు మొన భూతద్దంలో నున్నగా, సన్నగా కూసుగా కనిపిస్తుంది. వాడిన ముల్లు మొన పక్కన మెరిసే చదును పడి ఉంటుంది. చాలా డబ్బీల్లో రెండూ కలిసిపోయి ఉంటాయి, ఎందుకంటే ముల్లు మార్చినవారు పాతదాన్ని తిరిగి అందులోనే పడేసేవారు. ఓపిక ఉంటే వేరుచేసి రెండు పొట్లాలుగా పెట్టండి.

తుప్పు పట్టిన ముళ్లను డబ్బీలో ఉంచితే డబ్బీ లోపల కూడా తుప్పు పడుతుంది. వాటిని చిన్న గాజు సీసాలో, సిలికా జెల్‌తో విడిగా ఉంచి, అదే వరుస సంఖ్య రాయాలి. ఆ ముళ్లతో రికార్డు వాయించవద్దు. వినడానికి కొత్త ఉక్కు ముళ్లు ఇప్పటికీ తయారవుతున్నాయి, నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డులకు అవే వాడండి, ఒక్కొక్క వైపుకు ఒక ముల్లు. ఆ తర్వాత వచ్చిన ఎల్.పి. (లాంగ్ ప్లే) రికార్డు మీద ఉక్కు ముల్లు పెడితే ఆ రికార్డు ఇక పనికిరాదు.

## 10. భద్రపరచడం

గాలిలో తేమ 50 శాతానికి లోపు ఉండాలన్నది లక్ష్యం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు వంటి తీరపు ఊళ్లలో గదిని అలా ఉంచడం కష్టం, గాలి చొరని డబ్బాను అలా ఉంచడం సులువు. అందులో సిలికా జెల్, తేమ మీటరు పెట్టి మూసేయాలి. రంగు మారే సిలికా జెల్ అయితే రంగు మారగానే పొట్లం మీది సూచన ప్రకారం వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు.

- ఒక్కొక్క డబ్బీకి ఒక్కొక్క పాలిథిన్ సంచి, లోపల ఆమ్లరహిత కాగితం
- వార్తాపత్రిక, పి.వి.సి. కవర్లు, స్పాంజి, రబ్బరు బ్యాండ్లు వాడకూడదు
- కొత్త ప్లైవుడ్, కొత్త చెక్క పెట్టెల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి రేకుకు పడదు, రంగు వేసిన ఉక్కు సొరుగులు మేలు
- ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు
- ప్రదర్శనకు పెట్టినవాటి మీద ఎండ పడకూడదు, ఎరుపు రంగు ముందుగా వెలుస్తుంది
- జూలై నుంచి నవంబరు వరకు నెలకొకసారి తెరిచి చూడాలి

## 11. తరచుగా జరిగే పొరపాట్లు, వాటికి సవరణలు

నిమ్మరసం, చింతపండు, వెనిగర్‌తో తోమడం. ఇత్తడి సామానుకు పనికొచ్చే చిట్కా తగరపు రేకుకు పనికిరాదు, ఆమ్లం పూతను తినేస్తుంది. ఇప్పటికే తోమి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో ముంచిన దూది పుల్లతో పలుసార్లు తుడిచి, వెంటనే ఆరబెట్టి, మైనం పూయండి.

కొబ్బరినూనె రాయడం. కొన్నాళ్లు మెరుస్తుంది, తర్వాత జిగురుగా మారి దుమ్ము పట్టిస్తుంది. పొడి నూలుగుడ్డతో అద్ది ఎంత వస్తే అంత తీసి, రంగు పరీక్ష నెగ్గితే ఒక చుక్క మెత్తని సబ్బు కలిపిన నీటి పుల్లతో, తర్వాత సబ్బు లేని డిస్టిల్డ్ వాటర్ పుల్లతో తుడవాలి.

అమ్మినవారి స్టిక్కరును థిన్నరుతోనో, గోళ్లరంగు తీసే ద్రవంతోనో తీయడం. అవి అచ్చును కరిగిస్తాయి. స్టిక్కరు అంచును వెదురు పుల్లతో లేపి, రేకుకు ఆనించినట్టుగా వెనక్కి మడిచి, చాలా నెమ్మదిగా లాగండి. అచ్చు దాంతో లేస్తుంటే అంతటితో ఆపి అలాగే ఉంచేయాలి.

రెండు డబ్బీల మూతలు మార్చి ఒకటి బాగుచేయడం. చూడటానికి బాగున్నా అది ఇక ఏ కాలానికీ చెందని వస్తువు అవుతుంది. చేసి ఉంటే నమోదులో రాయండి, అమ్మేటప్పుడు చెప్పండి.

## 12. మార్పిడి, అమ్మకం, విదేశాలకు పంపడం

రెండోసారి దొరికిన డబ్బీలను దాచుకోవడం కంటే ఇతర సేకర్తలతో మార్చుకోవడం మంచిది. మార్చుకునేటప్పుడు మీ నమోదు కాగితం నకలు కూడా డబ్బీతో పంపండి, ఎవరి ఇంటి నుంచి వచ్చిందన్న సమాచారం దాంతోపాటే ప్రయాణించాలి.

విదేశాల్లో ఉన్న బంధుమిత్రులకు పంపాలనుకునేవారు చట్టాన్ని గమనించాలి. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన చారిత్రక, కళాత్మక వస్తువు పురావస్తువు నిర్వచనంలోకి రావచ్చు. అలాంటిదాన్ని వ్యక్తులు దేశం దాటించడం నేరం. గ్రామఫోన్ అండ్ టైప్‌రైటర్ కాలపు డబ్బీలకు ఇప్పటికే వందేళ్లు దాటాయి. సందేహం ఉన్న ప్రతి డబ్బీకి భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకున్నాకే పంపాలి. మీరే విమానంలో తీసుకువెళ్తుంటే ముళ్లను డబ్బీ నుంచి తీసి, సీసాలో వేసి, చెక్-ఇన్ సామానులో పెట్టండి. చేతి సంచిలో ఉంటే తనిఖీ దగ్గర ఆపుతారు.